విడిచిన చెప్పు

"నడుములోంచి కాలిదాకా లాగే నొప్పి మాయమైపోయింది డాక్టరమ్మా! మా ఆవిడ ఇక పొలం పని ఎగ్గొట్టనివ్వదు," అన్నాడు కంపన్, పరుపు మీద వెల్లకిలా పడుకుంటూ.

థాయిలాండ్ నగరం ఖోన్ కేన్‌లోని ఒక ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు ఒరవాన్ పరిశోధన చేస్తోంది. పొట్ట, నడుము కండరాలు గట్టిపడితే మనిషి కదలిక ఎంత మెరుగవుతుందన్నది ఆమె ప్రశ్న. ఇంత త్వరగా నొప్పి తగ్గింది ఈ ముసలాయనకే.

"మోకాళ్లు మడిచి నడుము పైకెత్తండి పెదనాన్నా."

ఎత్తాడు. వణుకే లేదు. నడుము మీదే చూపు నిలిపిన ఒరవాన్ మురిసిపోయింది.

పక్క పరుపు మీది ఆవిడ కిసుక్కున నవ్వింది. "బుద్ధుడి పటమున్న గదిలోకి చెప్పుతో వచ్చావేంటయ్యా? గుళ్లోకీ ఇలాగే పోతావా?"

అతని ఎడమకాలికి చెప్పు అలాగే ఉంది.

కంపన్ ముఖం కందిపోయింది. "అదేంటి! గుమ్మం దగ్గర రెండూ విడిచే వచ్చానే!"

ఒరవాన్ నవ్వు ఆగిపోయింది. చెప్పు తీసి, అతని పాదాన్ని ఒడిలోకి తీసుకుంది.

"కళ్లు మూసుకోండి. నేను నొక్కగానే చెప్పండి."

కంపన్ బుద్ధిగా కళ్లు మూసుకున్నాడు. కాసేపు ఆగి నవ్వాడు.

"నొక్కవేం తల్లీ? ముసలాడి కాలంటే అసహ్యమా?"

ఒరవాన్ బొటనవేలి గోరు అప్పటికే అతని అరికాల్లో దిగబడి ఉంది.