ఎర్రకోడి కేక

తల్లికోళ్లూ, తల్లిబాతులూ మేతకెళితే పిల్లల్ని తన పెరట్లో చూసుకునేది ఎర్రకోడి. మొదటిరోజే బాతుపిల్లలు గబగబా కుంటలోకి దూకేశాయి. మునిగిపోయాయనుకుని ఊరు అదిరేలా అరిచింది. అవి హాయిగా ఈదుతుంటే సిగ్గుతో ముడుచుకుపోయింది.

పక్క పెరట్లో పిల్లల్ని చూసే సీమకోడి పరుగెత్తుకొచ్చింది. "మొదట్లో నేనూ ఇలాగే అరిచాను వదినా! ఆ గొంతు మాత్రం దాచుకోకు. గద్దొస్తే పనికొస్తుంది, మా అందరికీ నేర్పు!"

అప్పట్నుంచీ రోజూ గడ్డివాము నీడలో పెరళ్లన్నిటి కోళ్లూ చేరి ఆ కేక నేర్చుకుని, అది వినగానే రెక్కల కిందికి దూరడం పిల్లలకు అలవాటు చేశాయి.

ఓరోజు గద్ద రానే వచ్చింది! ఎర్రకోడి కేకేసింది. సీమకోడి అందుకుంది. ప్రతి పిల్లా దగ్గర్లో ఏ రెక్క ఉంటే దాని కిందికి దూరింది. గద్ద వట్టి గోళ్లతో పోయింది!

"మీకు పెద్ద ఎవరు?" అనడిగింది కొత్తగా చేరిన పెట్ట.

ఎవరా అని ఎర్రకోడి వెనక్కి తిరిగి చూసింది. వెనక ఎవరూ లేరు. అన్నీ దాన్నే చూస్తున్నాయి!