చీర మీద చీమ

ఆ కాలానికి చీరలన్నీ తెరలైపోయాయి. పలక మీద ఏం గీస్తే అదే చీర మీద మెరిసేది. పెళ్లికి బయల్దేరబోతున్న అత్తగారి కోసం హైమ పొద్దుటినుంచీ పసుపు గీతల్ని నీలంలో ముంచి చూస్తోంది. చివరికి పమిటంతా నెమలి పురివిప్పింది.

వరహాలమ్మ మురిసిపోయింది. “ఇంత సొగసుకి దిష్టి తగిలిపోదేటే కోడలా? చుక్కెట్టు.”

హైమ అంచున నల్లచుక్క పెట్టింది. మరకనుకుని చీర దాన్ని తుడిచేసింది. మళ్లీ పెడితే మళ్లీ తుడిచేసింది.

“చుక్క నేకపోతే నేను గడప దాటను,” అంటూ వరహాలమ్మ కూలబడింది.

హైమ నవ్వి, చుక్కకి సన్నగా ఆరు కాళ్లు గీసింది. బొమ్మే కదా అని చీర ఊరుకుంది. చీమ అంచు వెంట నడక సాగించింది.

పెళ్లినుంచి వస్తూనే వరహాలమ్మ కోడలికి మెటికలు విరిచింది. “నెమలినెవరూ చూడ్నేదే తల్లీ! అందరి కళ్లూ ఆ చీమ మీదే!”