గోదావరికి బ్రేకు

మా ఆయన సదాశివ పోయిన రోజున పడవ కూడా ఆగిపోయింది. ఆదివారాలు కాలనీవాళ్లను గోదావరిలో షికారు తిప్పాలని ఆయన స్వయంగా చేసుకున్న పడవ. నెల తర్వాత దాన్ని విరగ్గొట్టించమని మహబూబ్‌తో చెప్పాను. అతను గనిలో బొగ్గు టబ్బులు లాగే హాలేజీ యంత్రం నడిపేవాడు, ఆయనకు దోస్తు.

"ఒక్కసారి ఎక్కి, అప్పుడు చెప్పు వదినా," అన్నాడు. "గనిల గంట లెక్కనే. చెక్క మీద ఒక్క దెబ్బ కొడితే ఆపుత, మూడు కొడితే నడుపుత."

ఎక్కాను. నది మధ్యకు రాగానే పడవ ఊగింది. భయంతో చెక్క మీద ఒక్క దెబ్బ కొట్టాను.

మహబూబ్ వెంటనే తెడ్లు రెండూ పైకెత్తి బుద్ధిగా కూర్చున్నాడు. పడవ గిర్రున తిరగసాగింది.

"ఆపు మహబూబ్!"

"ఆపిన గద వదినా!"

గట్టు మీంచి అతని భార్య సుగ్రా బీ కేకేసింది. "ఓ హాలేజీ సాబ్! గోదావరికి బ్రేకు ఏసిన్రా ఏంది?"

నాకు నవ్వొచ్చింది. పొట్ట పట్టుకుని నవ్వాను. ఆయన పోయాక అదే మొదలు.

"ఇప్పుడు చెప్పు, ఇరగ్గొట్టాల్నా?" అన్నాడు మహబూబ్, ఇంకా తిరుగుతూనే.

చెక్క మీద మూడు దెబ్బలు కొట్టాను.

ఇప్పుడు ప్రతి ఆదివారం కాలనీవాళ్లు వంతులవారీగా ఎక్కుతున్నారు. నది మధ్యకు రాగానే ఎవరో ఒకరు భయపడి ఒక్క దెబ్బ కొడతారు. అవతలి గట్టుకు మాత్రం ఇంకా ఎవరమూ చేరలేదు.