మూడో కాగితం

"ఫిట్స్ వస్తాయా?" కుక్కను చూడటానికి వచ్చిన డ్రైవరు భార్య రెండోసారి అడిగింది.

"లేదు వదినా. ఒక్కసారి కూడా రాలేదు," అంది టైలరమ్మ.

అబద్ధమాడేటప్పుడు ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూడటం ఆమెకు చేతకాదు. కత్తెర వెతుకుతున్నట్టు కటింగ్ బల్ల కిందికి వంగింది. అక్కడ పెద్దాయన పడుకుని ఉన్నాడు. పదమూడేళ్ళ నల్ల కుక్క. మూతి మొత్తం నెరిసిపోయింది, ఒక కంటికి పొర కమ్మింది. రోడ్డు పక్క దొరికితే షెల్టర్ వాళ్ళు తెచ్చి, ఎవరైనా పెంచుకోవడానికి తీసుకెళ్ళేదాకా చూడమని ఆమెకు అప్పజెప్పారు. రెండు నెలలైంది.

ఇక ఒక్క రోజే మిగిలింది. రేపు పొద్దున్నకల్లా కుక్క ఉండకూడదు, ఉంటే నువ్వు ఉండకూడదు అని ఇంటి ఓనరు తేల్చేశాడు. షెల్టర్‌లో జబ్బు చేసిన ముసలి కుక్కకు చోటు లేదు. సూది మాత్రం ఉంది. దానికి వాళ్ళు నిద్రపుచ్చడం అని ముద్దుపేరు పెట్టుకున్నారు. చంపడాన్ని చంపడం అనడానికి నోరు రానివాళ్ళకు సూది గుచ్చడానికి చెయ్యి ఎలా వస్తుందో టైలరమ్మకు ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు.

ఇంతకుముందు మూడు కుటుంబాలు వచ్చి చూసి పోయాయి. ముగ్గురికీ నిజమే చెప్పింది. ఫిట్స్ అన్న మాట వినగానే ఒకాయన సగం టీ వదిలేసి లేచాడు. ఒకావిడ కుక్కను నిమిరిన చేతిని చీరకు తుడుచుకుంది. మూడోవాళ్ళు ఫోన్ ఎత్తడమే మానేశారు. అందుకే ఈసారి షెల్టర్ ఇచ్చిన మూడు కాగితాల్లో డాక్టరు రాసిన మూడోదాన్ని మిషను సొరుగులో దారపు ఉండల కిందికి తోసేసింది. మిగతా రెండూ బల్ల మీద పెట్టి, పైన పెన్ను కూడా పెట్టింది.

వంగినప్పుడు చూసింది. పెద్దాయన మూతి నాకుతున్నాడు. ఒకసారి, మళ్ళీ, మళ్ళీ. కనిపించే ఆ ఒక్క కంటితో గోడవైపు చూస్తున్నాడు. గోడ మీద ఏమీ లేదు.

ఈ నాకుడు మొదలైందంటే పది నిమిషాలు. మహా అయితే పావుగంట.

"సంతకం ఇక్కడ పెడితే చాలు అన్నా," అంది, పెన్ను ముందుకు జరిపి.

డ్రైవరు పెన్ను ముట్టుకోలేదు. భారీ మనిషి, మాట తక్కువ. మూడేళ్ళ కిందట స్టీరింగు వదిలేశాననీ, రోజంతా ఇంట్లోనే ఉంటాననీ మాత్రం చెప్పాడు. వచ్చినప్పటినుంచీ అతని చూపు కుట్టుమిషను కాళ్ళ మీదే ఉంది. వాటికీ, బల్ల మూలలకీ, తలుపు అంచుకీ దళసరిగా గుడ్డపీలికలు చుట్టి ఉన్నాయి.

"ఇవెందుకు చుట్టావు చెల్లెమ్మా?"

"గిరాకీల బట్టలు తగులుకుని పోగులు లేస్తాయని."

పీలికలు చుట్టింది బట్టల కోసం కాదు. పెద్దాయన తల కోసం.

మొగుడూ పెళ్ళాలు మొహాలు చూసుకున్నారు. "ఇది కాదేమోనండీ," అందామె నెమ్మదిగా. అతను మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచాడు. ఏమనుకోవద్దనీ, తమకు కుదరదనీ, అనవసరంగా ఇబ్బంది పెట్టామనీ అన్నాడు.

టైలరమ్మ గబగబా వెళ్ళి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. వయసు చూసి వెనకాడొద్దంది. మెత్తగా ఉడికించి పెడితే మారు మాట్లాడకుండా తింటాడంది, మెట్ల దగ్గర కాస్త చెయ్యిస్తే చాలంది, ఒకరిని చూసి మొరిగి ఎరుగడంది. నోరు తన పాటికి తాను వాగుతోంది, చెవులు మాత్రం బల్ల కిందే ఉన్నాయి.

గోళ్ళు నేలను గీరిన చప్పుడు వినిపించింది.

ఆమె మాట మధ్యలో తెగింది. పరుగున వెళ్ళి నేల మీద కూలబడింది. పెద్దాయన కర్రలా బిగుసుకుపోయి, నాలుగు కాళ్ళూ కొట్టుకుంటున్నాడు. నోట్లోంచి నురగ. ఆమె అతన్ని పక్కకు ఒత్తిగిల్లజేసి, చేతికందిన జాకెట్టు ముక్కలన్నీ తల కింద కుక్కింది.

"వస్తాయి," అంది, వెనక్కి తిరక్కుండానే. "నెలకు రెండుసార్లు వస్తాయి. కాగితం సొరుగులో దాచాను. తిట్టాలంటే నన్ను తిట్టండి. వీణ్ణి సూదికి పంపకండి."

ఈపాటికి వాళ్ళు వెళ్ళిపోయి ఉంటారు. అందరూ వెళ్ళేది అలాగే కదా, చెప్పులు కూడా చప్పుడు కాకుండా వేసుకుని.

అప్పుడు పక్కన ఎవరో కుర్చీని దూరంగా లాగారు. తలెత్తి చూస్తే, డ్రైవరు భార్య మోకాళ్ళ మీద కూర్చుని చేతి గడియారం చూస్తోంది. హడావుడి లేదు, భయం లేదు. అన్నం పొంగు వచ్చే వేళకు కనిపెట్టుకుని ఉన్నట్టు చూస్తోంది. డ్రైవరు బల్ల కిందికి ఒళ్ళంతా ముడుచుకుని దూరి, పెద్దాయన వీపు దగ్గర చెయ్యి ఆనీ ఆననట్టు పెట్టాడు.

కాళ్ళు నెమ్మదించాయి. ఊపిరి బరువుగా, గరగరా బయటికి వచ్చింది.

"నలభై సెకన్లు," అందామె. తర్వాత టైలరమ్మ వైపు తిరిగింది. "ఆ కాగితమేదో తియ్యి. ముందే చెబితే ఏం పోయేది? ఫిట్స్ వచ్చే కుక్క కావాలనే కదా షెల్టర్‌లో అడిగి మరీ వచ్చాం. ఫిట్స్ రావని నువ్వు అనేసరికి, పొరపాటున వేరే కుక్క దగ్గరికి పంపారనుకున్నాం."

టైలరమ్మకు బుర్ర తిరిగింది. "ఫిట్స్ వచ్చేదాన్ని ఎవరైనా కావాలని అడుగుతారా వదినా?"

డ్రైవరు తన జేబురుమాలుతో పెద్దాయన మూతి మీది నురగ తుడిచాడు. ఆ నెరిసిన చెవి దగ్గరికి వంగి, తోటివాడితో చెప్పుకున్నట్టు అన్నాడు:

"నువ్వే నయంరా పెద్దాయనా. నాకు రెండు నిమిషాలు పడుతుంది."