గంగలో వదిలిన ఆట

"చెప్పు బావా, ఏ ఆట ఎక్కించమంటావు?" అంటూ నూకరాజు కంప్యూటరు ముందు కూర్చుని ఫ్లాపీల డబ్బా మూత తీశాడు. "ఇందులో జాగా తక్కువ. మహా అయితే రెండు పడతాయి."

గురునాథరావు ఆ డబ్బా వైపు చూడకుండా కిటికీలోకి చూశాడు. "ఆటలేవీ వద్దులేరా. లెక్కలు వేసుకునేదేదో ఉంటుందట కదా, అది చాలు."

"లెక్కలా! అక్కా, విన్నావేటి? మీ ఆయన ఆదివారం పూట కూర్చుని లెక్కలు ఏసుకుంటాడట!"

వంటింట్లోంచి సూర్యావతి నవ్వు మాత్రం వినిపించింది.

నూకరాజు ఆమె తమ్ముడు. ఈ హిందీ ప్రాంతపు ఉక్కు కాలనీలోనే సెక్టర్ 4లో కంప్యూటరు క్లాసులు నడుపుతున్నాడు. అక్కడికి కొత్తవి రావడంతో పాతదాన్ని రుఆబాంధా సెక్టరులో బావగారి క్వార్టరుకి మోసుకొచ్చి బిగించాడు. బావ సంగతి అతనికి తెలియనిది కాదు. ప్లాంటులో పగలంతా కొలిమి లోపల ఇటుకలు కట్టించడం, భోజనాల వేళ ఆఫీసు కంప్యూటరులో ఇటుకల ఆట ఆడడం. క్యారియరు విప్పడం కూడా మరిచిపోయేవాడు.

"కార్లదా? విమానాలదా?"

"వద్దన్నానా!"

"పోనీ చదరంగం?"

గురునాథరావు వెంటనే వద్దనలేకపోయాడు. చదరంగం బుర్రకు పదును పెట్టేదే కదా, అదీ ఆట కిందికే వస్తుందా? కానీ ఆ రోజు గంగలో నిలబడి తను చెప్పింది ఫలానా ఆట అని కాదు. ఉత్త 'ఆట' అనే.

తండ్రి అస్థికలు కలపడానికి భార్యాభర్తలిద్దరూ కాశీ వెళ్ళారు. బాగా ఇష్టమైనదేదైనా ఒకటి వదిలెయ్యమని నీళ్ళలో నిలబెట్టి పండా, అంటే అక్కడి తీర్థ పురోహితుడు, హిందీలో చెప్పాడు. అందరూ గుమ్మడికాయో జామపండో వదులుతారు. ఇష్టం లేనిది వదిలి దేవుణ్ణి మోసం చెయ్యడానికి గురునాథరావుకు మనసొప్పలేదు. పండా చెవిలో ఒక్క మాట చెప్పాడు. పండా దాన్ని గంగమ్మకు వినపడేలా గట్టిగా చదివాడు.

వదిలినదాని పేరు మళ్ళీ ఎత్తకూడదని, ఎత్తితే మళ్ళీ కోరినట్టేనని వాళ్ళింటి పెద్దల మాట. అందుకే భార్యకు చెప్పలేదు. ఆమె ఏం వదిలిందని తను అడగనూ లేదు. అడగక్కర్లేకపోయింది. కాశీ నుంచి వచ్చింది మొదలు ఇంట్లో రాత్రిపూట చపాతీ పోయి, బియ్యపు నూక ఉప్పిండి వచ్చింది. చపాతీ అంటే ఆమెకు ప్రాణం. అంతటిది ఆమె వదులుకుందని తనూ బయట ఎక్కడా ముట్టడం మానేశాడు. పక్కింట్లో పెనం మీద రొట్టె పొంగే వాసన వచ్చినప్పుడు మాత్రం చేతిలో పేపరు కాసేపు పేజీ తిరగదు.

"దీదీ!" వీధి గుమ్మంలో ఛాయ పిలిచింది. పక్క క్వార్టరులో కొత్తగా దిగిన పిల్ల. చేతిలో గిన్నె ఉంది. "థోడా ఆటా మిలేగా? మెహమాన్ ఆ గయే." ఇంటికి చుట్టాలొచ్చారట.

"మా ఇంట్లో గోధుమపిండి ఉండదమ్మా. ఆటా నహీ రఖ్‌తే హమ్ లోగ్," అంది సూర్యావతి.

"బిల్‌కుల్ నహీ?" ఛాయ ఆశ్చర్యపోతూ వెళ్ళిపోయింది.

గురునాథరావు భార్య ముఖం వైపు చూశాడు. ఎంత తేలిగ్గా చెప్పేసింది! ఆమె నిష్ఠ ముందు తనెంత? అటు చూసి ఇటు తిరిగేసరికి నూకరాజు చెయ్యాల్సిన పని చేసేశాడు. తెర మీద పైనుంచి ఇటుకలు రాలుతున్నాయి.

"ఇదిగో నీ పాత చుట్టం. రా బావా, బస్, ఒక్కసారి!"

చూస్తే తప్పేముంది? దేవుడు చేతిని చూస్తాడా, మనసును చూస్తాడా? మనసునే చూసేటట్టయితే తను వదిలిందెప్పుడు? గురునాథరావు కుర్చీ దగ్గరికి జరిగాడు. పట్టించుకునేవాళ్ళు లేక ఇటుకలు అడ్డదిడ్డంగా పడుతున్నాయి. ఎడమవైపు లోతుగా ఒక సందు మిగిలింది. అంతలో పొడుగాటి ఇటుక దిగింది. నిలువుగా తిప్పి ఆ సందులో పెడితే నాలుగు వరసలు ఒక్కసారి మాయమవుతాయి.

"తిప్పు బావా! అరె, తిప్పు యార్!"

గురునాథరావు వేలు మీట దాకా వెళ్ళింది. అక్కడే ఆగిపోయింది. పొడుగాటి ఇటుక అడ్డంగా పడి సందు మూసేసింది. మిగతావి దాని మీద పేరుకుంటూ పైకప్పు తాకాయి. ఆట ఆగిపోయింది.

"ఏటి బావా ఇది? చేతికి పక్షవాతమా?"

"కాదురా." గురునాథరావు మీట మీంచి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "పేరెత్తకూడదు గానీ... కాశీలో నేను వదిలింది ఇదేరా. ఆట." అనేసి గబగబా లెంపలు వేసుకున్నాడు.

అప్పుడే సూర్యావతి ఉప్పిండి పళ్ళాలతో గుమ్మం దాకా వచ్చింది.

"ఇప్పుడెందుకండీ దాని పేరెత్తడం?" అంది నొచ్చుకుంటూ. "ఆ పండా 'ఆటా, ఆటా' అని గంగంతా వినపడేలా అరుస్తుంటే వెనక మెట్టు మీద నేను వినలేదేటి? నాకెంత ప్రాణమైనా, ఆ రోజు నుంచి ఈ ఇంట్లో ఒక్క చపాతీ చేశానేటి?"