ఒకటో నంబరు పిస్తోలు

"చెయ్యి తియ్యమ్మా. అద్దం మీద మరకలు పడతాయి."

ఆవిడ ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకుంది.

బెండిగో ఊళ్లో పాత ఆయుధాల సంత. డెస్మండ్ ట్రెలోర్ బల్ల మీద అద్దాల పెట్టెలో ముప్పై దాకా జేబు పిస్తోళ్లున్నాయి. అన్నిటికన్నా చిన్నది నడిమధ్యన, ఆకుపచ్చ మఖమల్ గుడ్డ మీద ఉంది. రెండొందల ఏళ్లనాటి చెకుముకి పిస్తోలు. అరచేతిలో ఇమిడిపోతుంది. పిడి మీద వెండితో పొదిగిన అంకె: 2.

దాని పక్కన అంతే ఉన్న గుంట ఒకటి ఖాళీగా ఉంది.

అది ఒకటో నంబరు చోటు. అప్పట్లో ఇలాంటివి జతలుగా చేసేవాళ్లు. ఇరవై రెండేళ్లుగా డెస్మండ్ ఆ ఒకటో నంబరు కోసం గాలిస్తున్నాడు. వేలంపాటల వాళ్లందరికీ ఉత్తరాలు రాశాడు. పాత ఆయుధాలు సేకరించేవాళ్ల సంఘం పత్రికలో నెలనెలా ప్రకటన వేస్తున్నాడు. ఆ పిచ్చి భరించలేక భార్య పెర్త్‌లో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయింది. వెళ్లిన సంగతి అతనికి మూడో రోజున తెలిసింది.

"ఏరా డెస్, ఆ గుంటలో ఓ చెంచా పెట్టెయ్యరాదూ, నిండుతుంది," అన్నాడు పక్కబల్ల మర్వ్.

"నోర్ముయ్యరా."

ఆవిడ ఇంకా అక్కడే నిలబడింది. అరవై దాటిన మనిషి. వానకోటు తడిసి ఉంది.

"ట్రెలోర్ గారంటే మీరేనా అండీ?"

"నేనే. కొంటారా, చూసి పోతారా?"

"కొనడానిక్కాదు. మా నాన్నగారి పిస్తోలొకటి..."

డెస్మండ్ మర్వ్ వైపు చూసి కన్ను గీటాడు. ప్రతి సంతలోనూ ఇలాంటివాళ్లు పదిమంది వస్తారు. అందరి నాన్నలకూ ఒక పిస్తోలుంటుంది.

"చిన్నదా?"

"చిన్నదే. దాని పిడి మీద..."

"పగులుందా? అన్నిటికీ ఉంటుంది. ఇప్పుడెక్కడుంది?"

"కార్లో. బిస్కెట్ల డబ్బాలో."

"లైసెన్సుందా?"

"లేదండీ. ఇప్పటికీ కావాలా?"

అక్కర్లేదు. అంత పాతవాటికి ఎన్నడూ అక్కర్లేదు. ఆ సంగతి డెస్మండ్‌కి తన పేరెంత బాగా తెలుసో అంత బాగా తెలుసు.

"కావాలా అంటారేంటమ్మా! దారిలో పోలీసులు కారాపితే ఏం చెప్తారు? రెండేళ్లు లోపలేస్తారు."

ఆవిడ మొహం పాలిపోయింది.

"నాన్నగారు కూడా అప్పట్లో..."

"ఆయన పోయే ఉంటారు కదా? ఆయన్నెవరూ పట్టుకోరు. పట్టుకునేది మిమ్మల్ని."

"మరిప్పుడేం చెయ్యను?"

ఇక్కడ కాస్త ఆగాలి. డెస్మండ్ ఆగాడు.

"రెండే దార్లు. ఒకటి, పోలీస్ స్టేషన్లో అప్పగించెయ్యడం. వాళ్లేమీ అడగరు. యంత్రంలో పెట్టి నలిపేస్తారు. రెండు, నాకిచ్చెయ్యడం. యాభై డాలర్లిస్తాను. ప్రమాదం నా నెత్తినేసుకుంటాను."

ఆవిడ అతని మొహంలోకి చాలాసేపు చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మీ నెత్తినెందుకండీ," అంది మెల్లగా. గబగబా వెళ్లిపోయింది.

"చెకుముకి పిస్తోలుకి లైసెన్సా?" అన్నాడు మర్వ్. "పాపంరా ముసలావిడ."

"భయపెడితే బేరమాడరు. చూస్తుండు, ఈ మాంసం రొట్టె తినేలోపు డబ్బాతో వస్తుంది."

రొట్టె తిన్నాడు. రెండు కప్పుల టీ తాగాడు. బల్లలు మడిచేశారు.

ఆవిడ రాలేదు.

పన్నెండో రోజున ఉత్తరం వచ్చింది. మడత విప్పగానే పోలీసుల రసీదు నకలు జారిపడింది.

'జేబు పిస్తోలు ఒకటి. చెకుముకి రకం. పిడి మీద వెండి అంకె: 1.'

డెస్మండ్ ఫోనందుకున్నాడు. రెండుసార్లు తప్పు నంబరు నొక్కాడు.

"అదా? శుక్రవారం పంపినవాటిలో ఉందండీ," అన్నాడు అవతలి కానిస్టేబులు. "నలిపేశారు. ఏం, మీదా?"

డెస్మండ్ ఫోన్ పెట్టేశాడు. అప్పుడు ఉత్తరం తీసి చదివాడు.

'ట్రెలోర్ గారికి,

ఆ రోజు చెప్పకుండా వెళ్లిపోయినందుకు క్షమించండి. నేను అమ్మడానికి రాలేదు. ఊరికే మీ చేతిలో పెట్టిపోదామని వచ్చాను. మీకు అనుమతి ఉంటుందనుకున్నాను గానీ, మీక్కూడా ప్రమాదమేనని తెలీదు. తెలిశాక మనసొప్పలేదు. మా కోసం మీరు ఒకసారి ఆ బరువు మోశారు. అది చాలు.

ఇంట్లో ఇంకోటి కూడా ఉందని ఆనాడు మీతో చెప్పడానికి నాన్నగారికి భయమేసిందట. బతికినన్నాళ్లూ దానికి సిగ్గుపడ్డారు. పోయేముందు, దాన్ని ఆ మంచి మనిషికే ఇచ్చి రమ్మని నా దగ్గర మాట తీసుకున్నారు.

ఇరవై రెండేళ్ల కిందట, జైలుకి పోకుండా కాపాడతానని చెప్పి మీరు రెండో నంబరు పిస్తోలు పట్టుకెళ్లిన ఎడ్విన్ పాస్కో గారి కూతుర్ని నేను.'