ఇంకొక్కసారి

"ఆ వెనక కుర్చీలో ఎవరావిడ?" దర్శకుడు గుడ్లురిమాడు.

ఎవరికీ తెలీదు. రిహార్సల్‌కి రోజూ వచ్చి కూర్చుంటోంది. ముసలావిడ. స్టేజీ మీది డైలాగులకి తనూ పెదాలు కదుపుతోంది.

"అవతలి ట్రూపువాళ్ళు పంపిన మనిషే! మన డైలాగులు బట్టీ పడుతోంది," అంది తల్లి వేషం నటి.

నాటక పోటీలు రేపే. కొడుకు వేషం కుర్రాడికి చివరి డైలాగ్ ఎంతకీ పండటం లేదు. నాటకంలో ఫ్యాక్టరీ అంటుకుంది. లోపల చిక్కుకున్న కొడుకు ఇంటికి ఫోన్ చేసి చెప్పాల్సిన మాట: "నాకు లేటవుతుందమ్మా, నువ్వు తినేసెయ్."

కుర్రాడు వెక్కి వెక్కి ఏడుస్తూ చెప్పాడు.

"నీ మొహంలా ఉంది! మళ్ళీ!"

"ఇంకెన్నిసార్లు సార్?"

"రిహార్సల్ అంటే ఏమనుకున్నావురా? ఇంగ్లీషువాళ్ళు పాత ఫ్రెంచి నుంచి ఎత్తుకొచ్చిన మాట అది. దున్నిన నేల మీదే మళ్ళీ గుంటక తోలడం! గడ్డ చితికేదాకా తోలిస్తా!"

"మరీ తోలితే ఉన్న తడి కాస్తా ఆరిపోతుంది బాబూ," అంది వెనకనుంచి ముసలావిడ.

అందరూ ఫక్కున నవ్వారు. దర్శకుడికి ఒళ్ళు మండిపోయింది.

ఆవిడ లేచి ముందుకొచ్చింది.

"ఏడుస్తూ కాదు నాయనా. విసుక్కుంటూ అను. రోజూ అన్నట్టే."

కుర్రాడు తెలీకుండానే అలాగే అనేశాడు.

"అబ్బా, నాకు లేటవుతుందమ్మా, నువ్వు తినేసెయ్!"

తల్లి వేషం నటికి కన్నీళ్ళు ఆగలేదు.

"ఇంకొక్కసారి చెప్పించరూ?" ముసలావిడ బతిమాలింది.

ఏరు దాటాక తెప్ప తగలేసే రకం మన దర్శకుడు.

"అవతలివాళ్ళకి మోసింది చాల్లే, నడు! మళ్ళీ ఈ గడప తొక్కావంటే మర్యాద దక్కదు!"

"నేను పరాయిదాన్ని కాదు బాబూ, నేను..."

వింటేగా! రెక్క పట్టుకుని బయటికి నెట్టి, గడియ పెట్టేశాడు.

సాయంత్రం రచయిత వచ్చాడు. కుర్రాడి డైలాగ్ వినగానే ఉలిక్కిపడ్డాడు.

"ఏడుస్తూ అనే కదా నేను రాసింది! ఇలా ఎవరు నేర్పారు?"

"ఎవరో ముసలిది లెండి. తరిమేశాను, పీడ వదిలింది."

రచయిత కుర్చీలో కూలబడ్డాడు.

"ఎంత పని చేశావయ్యా! ఆ మాట నేను కల్పించింది కాదు, పేపర్లో చదివి రాసుకున్నాను. ఆ పిల్లాడు దాన్ని ఎలా అన్నాడో ఫోన్లో విన్నది మాత్రం వాడి కన్నతల్లి ఒక్కతే."